ఫ్రీజర్‌లోంచి ఒక ప్రాణం

నిన్న మా చెల్లికి ఐవీఎఫ్ (శరీరం బయట ఫలదీకరణ చేసిన) పిండం పెట్టారు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాచిన పిండమది! స్కానింగ్ తెరమీద తెల్లచుక్క మెరవగానే మా మరిది దండం పెట్టేశాడు. అది పిండం కాదు, దాంతోపాటు వెళ్లిన గాలి అని డాక్టరమ్మ నవ్వింది.

నాకేమో కలకత్తా డాక్టర్ సుభాష్ ముఖర్జీ గుర్తొచ్చారు. 1978 జులైలో ఇంగ్లండ్‌లో ప్రపంచపు మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీస్ బ్రౌన్ పుడితే, అక్టోబర్ 3న కలకత్తాలో ఆయన కృషితో దుర్గ పుట్టింది. అదీ గడ్డకట్టించి దాచిన పిండంతో! ప్రభుత్వ కమిటీ నమ్మలేదు. పైగా ఆయన్ని కంటివైద్య సంస్థకు బదిలీ చేశారు, ఏం చేయమనో మరి. 1981లో ఆత్మహత్య చేసుకున్నారు. 1986లో ముంబైలో పుట్టిన హర్షతో దేశంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ ఘనత దక్కిన శాస్త్రవేత్త ఆనంద్ కుమారే, ముఖర్జీ నోట్సు చదివి, 1997లో ఆ పేరు ఆయనకే ఇచ్చేశారు.