సింహం మోసే బరువు

"బాబాయ్, దీని తల మీద ఇంత బరువు పెట్టారే, నొప్పి పుట్టదా?"

భైరవకోన గుహాలయంలో స్తంభం ముందు గొంతుక్కూర్చుని మా అన్న కూతురు అడిగింది. ఫోన్ జేబులో పెట్టి చూశాను. అడుగున సింహం కూర్చుని ఉంది. దాని తల మీద నుంచే స్తంభం లేచింది. పల్లవుల పద్ధతి ఇది, మహాబలిపురంలోనూ కనిపిస్తుంది.

నిజానికి అదేమీ మోయడం లేదు. ఇది కట్టిన గుడి కాదు కదా, కొండను తొలిచిన గుడి. సింహం, స్తంభం, పైకప్పు అంతా ఒకే రాయి. అక్కర్లేనిది చెక్కి తీసేస్తే మిగిలిందే గుడి. ఉలి ఒక్కసారి జారి సింహం చెవి ఎగిరిపోతే మళ్లీ తెచ్చి పెట్టడానికి లేదు. అలా ఎనిమిది గుహలు! మొన్న నేను గోడకు మేకు కొడితే ఇంత పెచ్చు ఊడింది, మా ఆవిడ ఇంకా అంటూనే ఉంది.

లోపల చీకటి, చల్లదనం. కొండ కడుపులో నిలబడ్డట్టే ఉంది. గర్భగుడి అని రోజూ అనే మాటే, ఈ రోజు కొత్తగా వినిపించింది.

పాపకు ఇవేం చెప్పలేదు. "అలవాటైపోయిందిలేమ్మా దానికి" అన్నాను.

నమ్మినట్టు లేదు. బయల్దేరాక వెనక్కి పరిగెత్తి, దాని తల నిమిరి వచ్చింది.