లవ్‌లాండ్ కనుమ ముందు మొరాయించిన ఫోర్డు

అమెరికాలోని కొలరాడోలో డెన్వర్ నుంచి లెడ్‌విల్‌కి మామూలు కారులో రెండు గంటల చిల్లర. మా బావ మాత్రం తన 1979 ఫోర్డ్ ఎఫ్-150లోనే పోదామన్నాడు. 300 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజన్, దానికి పెట్రోలునీ గాలినీ కలిపి ఇచ్చే ఒకే గొంతున్న కార్టర్ కార్బొరేటర్. కొత్తలోనే 120 హార్స్‌పవర్ దాటని బండి. విజయవాడ ఆటోనగర్‌లో లారీల మధ్య పెరిగిన మనిషి కదా, పెట్రోలు లెక్క కంప్యూటర్ చూసుకునే బండ్లంటే ఆయనకి పెద్ద గురి లేదు. అక్క తెలివైనది. పిల్లల్ని తన కారులో ఎక్కించుకుని ముందే వెళ్ళిపోయింది.

ఐ-70 హైవే మీద ఐడహో స్ప్రింగ్స్ దాకా హాయిగా వెళ్ళాం. పక్కనే క్లియర్ క్రీక్ ఏరు, కొండవాలు మీద పాత గనుల్లోంచి తోడిపోసిన మట్టి గుట్టలు. జార్జ్‌టౌన్ దాటితే సిల్వర్ ప్లూమ్ వైపు గట్టి ఎక్కుడు. రెండు మైళ్ళలో 600 అడుగుల పైన లేవాలి. 1884లో ఇక్కడ రైలు నడిపినవాళ్ళు నేరుగా ఎక్కించలేక పట్టాల్ని మెలికలు తిప్పి, ఒకచోట కింది లైను మీదుగానే పై లైను దాటేలా ఎత్తైన వంతెన కట్టారు. నేను దాని కోసం కిటికీలోంచి వెతుకుతుంటే బండి నీరసపడింది. యాభై, నలభై, ముప్పై. ఎంత తొక్కినా లాగదు. వెనక పెద్ద ట్రెయిలర్ హారన్. రోడ్డు అంచుకి తీసి ఆపేశాం.

"ఎత్తుకి వచ్చాం కదా బావా, గాలి పల్చబడిందేమో" అన్నాను.

"గాలి వల్లయితే మెల్లమెల్లగా తగ్గాల్రా. ఇది ఒక్కసారిగా చతికిలబడింది."

ఆయన మాటలో లెక్క ఉంది. ప్రతి వెయ్యి అడుగులకీ ఇలాంటి ఇంజన్ సుమారు మూడు శాతం బలం పోగొట్టుకుంటుంది. గాలి తగ్గిందని కార్బొరేటర్‌కి తెలియదు, పెట్రోలు దాదాపు అంతే పోస్తుంది, ప్లగ్గులు నల్లబడతాయి. కానీ ఆ నీరసం ఆగి కూర్చుంటే పోయేది కాదు. మా బండి అలా కాదు. పది నిమిషాలు ఊరుకుంటే ఏమీ ఎరగనట్టు లేచింది, కాస్త దూరం లాగింది, మళ్ళీ పడుకుంది.

ప్లగ్గులకి కరెంటిచ్చే కాయిల్ వేడెక్కినా ఇలాగే ఏడిపిస్తుంది. పెట్రోలు ఆవిరై లైనులో అడ్డుపడటమూ ఉంది. ఈ ఇంజన్‌లో వేడి పొగ పోయే మానిఫోల్డ్ (గొట్టాల గుత్తి), కార్బొరేటర్ కూర్చునే మానిఫోల్డ్ ఒకే పక్క కిందా మీదా ఉంటాయి, పైగా ఎత్తు మీద పెట్రోలు తొందరగా ఆవిరవుతుంది. ఏదో తేల్చాలంటే బండి చచ్చిన మరుక్షణం చూడాలి. బావ ఇంజన్ ఆపి, ఎయిర్ క్లీనర్ విప్పి, కార్బొరేటర్ గొంతులోకి చూస్తూ థ్రాటిల్ చేత్తో తిప్పాడు. లోపల సన్నని ధార చిమ్మాలి. చుక్క లేదు. అంటే కార్బొరేటర్ లోపల పెట్రోలు నిలవుండే గిన్నె, బౌల్, ఖాళీ. కాయిల్ మీద అనుమానం అక్కడితో తీరింది. చదునులో ఎంత కొంచెం వచ్చినా సరిపోతుంది. ఎక్కుడులో వచ్చేదానికన్నా ఖర్చు ఎక్కువ, బౌల్‌లో ఉన్నది అయిపోగానే ఆట ముగుస్తుంది.

కొసప్రాణంతో సిల్వర్ ప్లూమ్ చేరాం. తారు కూడా వేయని మెయిన్ రోడ్డు, అటూ ఇటూ వెండి గనుల నాటి చెక్క ఇళ్ళు. నాకైతే ఊరు తిరగాలనిపించింది, బావ నా చేతికి స్పానర్ ఇచ్చాడు.

ట్రక్కుకి రెండు పెట్రోలు ట్యాంకులు, మార్చడానికి డ్యాష్‌బోర్డు మీద స్విచ్. రెండో దానికి మార్చినా అదే రోగం. ఒకేసారి రెండు ట్యాంకుల మూతలూ, లోపలి జాలీలూ మూసుకుపోవు కాబట్టి తప్పు రెండిటికీ ఉమ్మడిగా ఉన్న దారిలో ఉండాలి. కార్బొరేటర్ మూతి దగ్గరి ఫిల్టర్ శుభ్రంగానే ఉంది. ఇంజన్ బాగా చల్లారనిచ్చి, కాయిల్ వైరు పీకేసి, పెట్రోలు పైపుని సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టాం. పంపు బాగుంటే అర నిమిషంలో దాదాపు అర లీటరు రావాలి. అందులో సగం కూడా రాలేదు. వచ్చింది కూడా బుడగలు బుడగలుగా వచ్చింది.

"ఎయిర్ పట్టిందిరా!" బావ మొహం వెలిగింది. నాకు ఆకలి.

పంపుకి ముందు ఎక్కడో గాలి దూరుతోందన్నమాట. పంపు దాటాక పైపు చిట్లితే పెట్రోలు కారి వాసనైనా వస్తుంది. పంపు పీల్చుకునే వైపు చిట్లితే బయట ఒక్క చుక్క కనపడకపోవచ్చు, లోపలికి గాలి మాత్రం పోతుంది. ఛాసిస్ పక్కన వచ్చే ఇనుప గొట్టానికీ పంపుకీ మధ్య జానెడు రబ్బరు హోసు ఉంది. పైకి నిక్షేపంలా ఉంది గానీ వంచి చూస్తే అడుగున నెర్రెలు. ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలుకి ఆ కాలపు రబ్బరు ఎన్నాళ్ళని ఆగుతుంది? బావ టూల్ బాక్సులో కొత్త హోసు, క్లిప్పులు ఉన్నాయి. అవి లేకుండా ఆయన కూరగాయలకి కూడా వెళ్ళడు.

హోసు మార్చాక, అప్పటిదాకా వరండాలోంచి చూస్తున్న ఓ పెద్దాయన ఇంజన్ పీల్పుని కొలిచే వాక్యూమ్ గేజ్ తెచ్చి తగిలించాడు. ముల్లు పది దగ్గర నిలబడింది. డయల్ మీది రాత ప్రకారమైతే టైమింగ్ పోయినట్టే. ఆయన నవ్వి, ఆ రాత సముద్ర మట్టానికి రాసిందనీ, వెయ్యి అడుగులకి ఒక అంకె చొప్పున తగ్గించి చూడాలనీ చెప్పాడు. అక్కడ మేమున్నది 9,100 అడుగుల ఎత్తులో.

అక్కణ్ణుంచి ఐ-70 మీదే కొండ కింది సొరంగంలోంచి పోతే దగ్గర. బావ వినలేదు, పరీక్ష చేయాల్సిందేనని లవ్‌లాండ్ కనుమ మీదుగా, 11,990 అడుగులకి, తోలాడు. మా ముందు ఓ పెట్రోలు ట్యాంకర్. కనుమ దారి తెరిచి ఉంటే ప్రమాదకరమైన సరుకుని సొరంగంలోకి రానివ్వరు, అవన్నీ ఈ మలుపుల రోడ్డునే రావాలి. రెండో గేరులో దాని వెనకే పాకాం. బలంలో మూడో వంతు కొండ తీసేసుకుంది, కానీ ఒక్క మలుపులోనూ ఇంజన్ తడబడలేదు.

లెడ్‌విల్‌లో అక్కావాళ్ళు అప్పటికే భోంచేసి కూర్చున్నారు. మర్నాడు పొద్దున్నే బావ ప్లగ్గులు విప్పితే అన్నీ మసి. కార్బొరేటర్‌లో పెట్రోలు తక్కువ వదిలే చిన్న జెట్ వేద్దామా అన్నాను. వద్దన్నాడు. ఇక్కడికి సరిపోయే జెట్ డెన్వర్‌కి దిగితే పెట్రోలు చాలక ఇంజన్‌ని వేడెక్కిస్తుందట. వైరు బ్రష్షుతో రుద్ది మళ్ళీ అవే బిగించాడు.