జారుడు ఫస్టు

తొమ్మిదో తరగతిలో, ఆగస్టు పదిహేను ఆటల పోటీల్లో, 200 మీటర్ల పరుగులో నాకు ఫస్టు ప్రైజు వచ్చింది. ఎలా వచ్చిందో మా బ్యాచ్‌వాళ్ళు మర్చిపోయి ఉండరు. ముందురోజు వానకి గ్రౌండంతా బురద. మలుపు దగ్గర ముందున్న నలుగురూ జారి ఒకరిమీద ఒకరు పడ్డారు. ఆఖర్న ఈసురోమంటూ వస్తున్న నేను పక్కనుంచి వెళ్ళిపోయాను. డ్రిల్లు మాస్టారు నవ్వాపుకుంటూ స్టీలు గిన్నె చేతిలో పెట్టారు. టెన్త్ అయ్యేదాకా నా పేరు 'జారుడు ఫస్టు'.

బ్రిస్బేన్ వచ్చాక ఆఫీసులో ఈ కథ చెబితే, "అయితే నువ్వూ బ్రాడ్‌బరీవే" అన్నారు. కలిసొచ్చి గెలిచినవాణ్ణి ఇక్కడ అలాగే అంటారు.

స్టీవెన్ బ్రాడ్‌బరీ షార్ట్ ట్రాక్ స్కేటర్, అంటే ఐస్ మీద చిన్న ట్రాకులో అందరూ ఒకేసారి దూసుకెళ్ళే పందెం అతనిది. 2002 ఫిబ్రవరి 16న సాల్ట్‌లేక్ సిటీ ఒలింపిక్స్‌లో 1000 మీటర్ల ఫైనల్. ఐదుగురిలో అతనే చివర. ఆఖరి మలుపులో ముందున్న నలుగురూ కుప్పగా పడ్డారు, ఇతను నిలబడే గీత దాటాడు. శీతాకాల ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాకి, ఆ మాటకొస్తే దక్షిణార్ధగోళానికే, అది మొదటి స్వర్ణం. వీడియో చూసి నేనూ పడీపడీ నవ్వాను.

వెనకటి సంగతులు చదివాక నవ్వు రాలేదు. 1994లో మాంట్రియల్‌లో ఇంకొకరి స్కేటు బ్లేడు తొడలో దిగింది. నాలుగు లీటర్ల రక్తం పోయింది, 111 కుట్లు పడ్డాయి. 2000లో ప్రాక్టీసులో పడి మెడ ఎముకలు విరిగాయి. తలకి స్క్రూలతో బిగించిన చట్రంతో వారాల తరబడి గడిపాడు. అయినా మళ్ళీ ఐస్ మీదికి వెళ్ళాడు. అసలు ఆస్ట్రేలియాకి తొలి శీతాకాల పతకం తెచ్చిన 1994 రిలే జట్టులోనూ ఉన్నాడు, కాంస్యం. ఫైనల్లో వెనకుండటం కూడా చేతకాక కాదు. 28 ఏళ్ళ కాళ్ళతో వాళ్ళ స్పీడు అందుకోలేనని తెలుసు. వాళ్ళు తోసుకుని పడితే తను నిలబడి ఉండాలన్నదే ప్లాను. ఆ పతకం ఒకటిన్నర నిమిషానికి కాదు, పదేళ్ళ కష్టానికి తీసుకున్నానన్నాడు.

నేనా? ఒక్కరోజు ప్రాక్టీసు చెయ్యలేదు. పోటీకి నా పేరు కూడా మా బెంచీవాడే ఇచ్చాడు. అందుకే ఆఫీసులో ఎవరైనా 'బ్రాడ్‌బరీ' అని పిలిస్తే సిగ్గేస్తుంది.

గిన్నె ఇప్పటికీ అమ్మ దగ్గరే ఉంది, చింతపండు నానబెడుతుంది. చెక్కించిన అక్షరాల్లో స్కూలు పేరు అరిగిపోయింది. 'ప్రథమ' మాత్రం ఇంకా తళతళలాడుతోంది.