నన్ను ఏడాది వెనక్కి నెట్టిన 2³²+1

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు జరిగే సీజీఎల్ పరీక్ష తుది జాబితాలో నా నంబరు కనిపించినప్పటి నుంచి మిత్రులు అడుగుతున్నది ఒక్కటే, గణితం ఎలా చదివావని. మిగతా సబ్జెక్టులలో నేను చేసింది అందరూ చేసేదే కనుక, గత ప్రయత్నంలో నన్ను ముంచిన ఒక్క లెక్క గురించే రాస్తున్నాను.

2³²+1ని నిశ్శేషంగా భాగించే సంఖ్య 2¹⁶+1, 2¹⁶−1, 7×2²³, 2⁹⁶+1లలో దేనిని కూడా తప్పక భాగిస్తుందనే ప్రశ్న మీరందరూ చూసే ఉంటారు. 65536 వర్గం నాకు కంఠస్థం కావడమే నా కొంప ముంచింది. వెంటనే 4294967297 అని విస్తరించి, భాజనీయత సూత్రాలు ఒక్కొక్కటిగా ప్రయోగించాను. అంకెల మొత్తం 59 కనుక 3 పోయింది. 7తో భాగిస్తే శేషం 5, 13తో 10, 17తో 2. గంటలో వంద ప్రశ్నలు చేయవలసిన చోట ఐదు నిమిషాలు దానికే పోయాయి. చివరకు విసిగి 2¹⁶+1 గుర్తించి, తప్పు జవాబుకు కోసే అర మార్కు కూడా వదులుకున్నాను. కటాఫ్‌కు ఒకటిన్నర మార్కుల దూరంలో ఆగిపోయాను.

నిజానికి ఆ కారణాంకం ఏదో తెలియనక్కరలేదు. 2³²ను ఒకే రాశిగా చూస్తే 2⁹⁶ దాని ఘనం; ఘనాల మొత్తం సూత్రం ప్రకారం 2⁹⁶+1 = (2³²+1)(2⁶⁴−2³²+1). కనుక జవాబు 2⁹⁶+1.

అయినా పంతం పట్టి, చిక్కడపల్లి గ్రంథాలయంలో రెండు రోజులు ఆ సంఖ్యతోనే గడిపాను. 2¹+1, 2²+1, 2⁴+1, 2⁸+1, 2¹⁶+1, అంటే 3, 5, 17, 257, 65537 ప్రధాన సంఖ్యలే కనుక తరువాతిదైన 2³²+1 కూడా అంతేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ దానిని 641×6700417గా విడగొట్టాడు. దీని ప్రధాన కారణాంకాన్ని 64తో భాగిస్తే శేషం 1 రావాలి. అంటే 193, 257, 449, 577 దాటితే ఐదో ప్రయత్నమే 641. నేను 3, 7, 13 అంటూ తడుముకున్నది ఎంత వృథాయో అప్పుడు తెలిసింది. 641 అంటే 5×2⁷+1, 5⁴+2⁴ కూడా. కనుక 641తో భాగిస్తే 5×2⁷కు శేషం −1, అంటే ఒకటి తక్కువ. దానిని నాలుగో ఘాతానికి ఎత్తి, 5⁴ స్థానంలో −2⁴ పెడితే 2³²కు శేషం −1 వస్తుంది; అంటే 2³²+1ని 641 నిశ్శేషంగా భాగిస్తుంది. భాగహారమే లేదు!

సిలబస్‌లో లేనిదానికి రెండు రోజులా అని గదిలోని మిత్రుడు నవ్వాడు. నేను మాత్రం అది వృథా అని ఒప్పుకోను; రోజుకు యాభై లెక్కలు చేసి ఒక్కదానిలోనూ లోతుకు దిగని క్రమశిక్షణతోనే మొదటి ఏడాది పోగొట్టుకున్నాను. ఈసారి 7¹²−4¹²ను 33, 34, 35, 36లలో ఏది భాగిస్తుందని అడిగితే, బేసి సంఖ్య కనుక 34, 36 పోయాయి. ఘాతం సరిసంఖ్య కనుక 7²−4² భాగిస్తుంది. రఫ్ కాగితం ముట్టకుండానే 33 గుర్తించి తరువాతి ప్రశ్నకు వెళ్లాను.