షార్జా నుంచి కుషాయిగూడ ప్లేనర్‌కి

హైదరాబాద్ కుషాయిగూడలో తమ్ముడిది చిన్న వడ్రంగి షెడ్డు. వాడు కూడా ఇలా ఎడారి బాట పట్టకూడదనే, షార్జాలో నా జీతంలోంచి మిగిల్చి థిక్‌నెస్ ప్లేనర్‌కి, అంటే చెక్క పలకను ఒకే మందానికి చెక్కే మిషన్‌కి, డబ్బు పంపాను. వారం తిరక్కుండానే ఫోన్. "అన్నా, పైసలన్నీ బూడిదల పోసినట్టయింది. ఎవడన్న కొంటే ఇచ్చేస్త" అన్నాడు. నాకు మనసొప్పలేదు.

వీడియో కాల్‌లో టేకు పలకను దగ్గరగా చూపించమన్నాను. కొస నుంచి రెండు మూడు అంగుళాల మేర పల్లంగా కోసుకుపోయింది. గోరుతో రాస్తే మెట్టు తగులుతోందట. దీన్ని స్నైప్ అంటారు. పలక మొదలు లోపలికి వెళ్లేటప్పుడు, చివర బయటికి వచ్చేటప్పుడు బ్లేడ్లకు ముందూ వెనకా ఉన్న రెండు రోలర్లలో దాన్ని నొక్కిపట్టేది ఒక్కటే. బయటున్న భాగం బరువుకి వాలితే లోపలి కొస లేచి బ్లేడ్లకు తగులుతుంది. అందుకే ముందూ వెనకా ఉన్న టేబుళ్ల బయటి అంచులను వెంట్రుకవాసి ఎత్తి బిగించమన్నాను. పొడవాటి పలకైతే చివరిదాకా చేత్తో ఆసరా ఇవ్వాలి.

ఇక్కడ మా జాయినరీలో, అంటే నేను పనిచేసే వడ్రంగి వర్క్‌షాపులో, ఉన్నది నలుగురు పట్టినా కదలని పోత ఇనుప మిషన్. బల్ల మీద పెట్టుకునే తమ్ముడి చిన్నదాని మీద అంత భారం వేయకూడదు. వాడు ఒక్కసారికే 2 మిల్లీమీటర్లు తీస్తున్నాడు. వెడల్పు టేకుకి అర మిల్లీమీటర్ చాలు. పైగా టేకులో సిలికా ఉంటుంది, బ్లేడ్ల పదును త్వరగా పోతుంది. పీచు లేస్తుంటే పలక వెనక కొస ముందుకొచ్చేలా తిప్పి పంపి చూడాలి. మోటార్ మూలుగుతోందంటే ఇంట్లోంచి లాగిన ఆ పొడవాటి సన్న వైరును కూడా అనుమానించాలి, వోల్టేజ్ అక్కడే పడిపోతుంది.

వాడికి రుచించని మాట ఒకటుంది. ప్లేనర్ వంపు తీయదు. రోలర్లు పలకను అణిచిపెడతాయి, బయటికి రాగానే అది మళ్లీ వంగుతుంది. ముందు ఒక ముఖాన్ని జాయింటర్ అనే చదును చేసే మిషన్ మీదనో, చేతి చిత్రికతోనో చదును చేసుకోవాల్సిందే. ఈ మాట నాకు చెప్పింది మా దగ్గరి కేరళ మేస్త్రీ. అన్నం తింటూ కూడా ఆయన చెక్క సంగతులే చెప్పేవాడు.

సాయంత్రానికి తమ్ముడు ఫొటో పంపాడు. స్నైప్ దాదాపు పోయింది. ఒక పక్క మాత్రం ఇంకా మందంగా వస్తోంది. ప్లగ్ పీకేసి, బ్లేడ్లు బిగించిన డ్రమ్ము, పలక జారే బెడ్‌కి రెండు వైపులా సమాన దూరంలో ఉందో లేదో కొలవమన్నాను. కొత్త బ్లేడ్లకు సోమవారం రాణీగంజ్ వెళ్తానన్నాడు.