పుష్యమి పక్కన ఒక చుక్క

అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడటం చూడాలని అమ్మ ఎన్నేళ్లుగానో అడుగుతోంది. మార్చి 9, 10 తేదీల్లో ఒకసారి, అక్టోబర్ మొదట్లో ఒకసారి ఆ అవకాశం. ఈసారి మార్చిలో అమావాస్య కూడా కలిసొచ్చింది. "అయితే ముందు రాత్రి కళింగపట్నం పోదాం మామయ్యా" అన్నాడు మా మేనల్లుడు. అమ్మని శ్రీకాకుళంలో పిన్ని ఇంట్లో దింపి, వాడి టెలిస్కోపు, కెమెరా, బ్యాటరీ కారులో కుక్కుకుని గార మీదుగా బయల్దేరాం.

వంశధార సముద్రంలో కలిసే ఊరు. మంచి చీకటి ఉంటుందనుకున్నాం. లైట్‌హౌస్ సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు! చీకటి వెతుక్కుంటూ వచ్చి దీపస్తంభం దగ్గర టెలిస్కోపు దించిన తెలివైనవాళ్లం మేమే అయ్యుంటాం. చివరికి సరుగుడు తోట చాటుకి మారాం. అక్కడ దీపం బెడద లేదు గానీ సముద్రపు చెమ్మ మొదలైంది. పావుగంటకోసారి అద్దం మసకబారడం, వాడు చిన్న హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టడం.

మేం వెతికేది కర్కాటక రాశిలో, మన పుష్యమి నక్షత్రానికి కాస్త పక్కగా ఉండే ఓజే 287 అనే గెలాక్సీని. సుమారు 350 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. సుమారు పన్నెండేళ్లకోసారి దాని వెలుగు ఒక్కసారిగా పెరుగుతుందని పాత ఫోటో ప్లేట్లు తిరగేసినవాళ్లు పసిగట్టారు. దాని నడుమ 1800 కోట్ల సూర్యుల బరువున్న కృష్ణబిలం ఉందని, దాని చుట్టూ మరో చిన్న కృష్ణబిలం తిరుగుతూ, పెద్దదాని చుట్టూ ఉన్న వేడి వాయువుల పళ్లేన్ని చీల్చుకుని పోయినప్పుడల్లా ఆ వెలుగు వస్తుందని ఒక లెక్క. ఆ లెక్క ప్రకారం 2019 జులై 31న వెలుగు రావాలి. అప్పటికి భూమి మీంచి చూస్తే అది సూర్యుడికి మరీ దగ్గరగా ఉంది. అంతరిక్షంలో వేరే చోటున్న స్పిట్జర్ టెలిస్కోపు చూసింది. చెప్పిన సమయానికి నాలుగు గంటల తేడాలోపే వచ్చింది. ఆ లెక్క కట్టినవాళ్లలో ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లూ ఉన్నారని వాడికి మహా గర్వం.

కర్కాటకం ఇంకా పైకి రావాలని, ముందు పడమటి గురుడి మీద పెట్టాం. వలలు సర్దుకుని ఇంటికెళ్తున్న ఒక తాత ఆగాడు. "ఏటి బాబూ, ఏటి సూస్తన్నారు?" రమ్మని చూపించాం. పక్కనున్న నాలుగు చుక్కలూ ఉపగ్రహాలని చెప్పి, మేనల్లుడు ఉత్సాహంగా షూమేకర్-లెవీ తోకచుక్క కథ అందుకున్నాడు. 1993 మార్చిలో కనిపెట్టారు, అప్పటికే గురుడు దాన్ని ఇరవై ముక్కలదాకా చేసేశాడు, 1994 జులై 16 నుంచి 22 దాకా వరసగా వచ్చి పడ్డాయి, మచ్చలు చిన్న టెలిస్కోపుల్లో కూడా కనిపించాయి. (నాకు కనిపించలేదు. ఆ వారమంతా మా ఊళ్లో ముసురే.)

"ఎప్పుడు పడతాదో ముందే సెప్పీసినారేటి?"

"నిమిషాలతో సహా తాతా."

ఆయన కాసేపు ఆలోచించాడు. "తిత్లీ తుపానూ ముందే సెప్పినారు. ఉద్దానంలో మా సుట్టాల కొబ్బరి సెట్లు నిలబడిపోనాయేటి?"

మేనల్లుడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. 2018 అక్టోబర్‌లో కూలిన ఆ తోటలు నేనూ చూశాను.

పది దాటాక ఓజే 287 ఫోటోల్లో దొరికింది. నలకంత చుక్క. పక్కనున్న, వెలుగు ముందే తెలిసిన నక్షత్రాలతో పోల్చి చూశాం. మామూలుగానే ఉంది. వాడు అదే రాసుకున్నాడు. అంత కచ్చితమైన లెక్క కూడా 2022 అక్టోబర్‌లో వస్తుందన్న వెలుగు విషయంలో తప్పింది. అప్పుడు ఏమీ కనిపించలేదు. అసలు ఆ పెద్ద కృష్ణబిలం బరువే ఎక్కువ కట్టారని కొందరు, వెలుగు మనం చూడలేని రోజుల్లో వచ్చిపోయిందని కొందరు. ఏమీ లేని రాత్రులు కూడా రాసిపెట్టకపోతే ఆ వాదన తేలేదెలా?

తెల్లవారుజామున అమ్మని తీసుకుని అరసవల్లి చేరేసరికి గుడి నిండా జనం. ఆరు దాటింది. అందరి మెడలూ ఒకసారి గర్భగుడి వైపు, ఒకసారి తూర్పుకి. తూర్పున పల్చటి మబ్బు. కిరణం రాలేదు.

"రేపు కూడా ఉంది కదరా" అంది అమ్మ.

ఆమదాలవలసలో సాయంత్రం రైలుకి తీసిన టికెట్లు క్యూలోనే ఫోన్‌లో రద్దు చేశాను.