అక్క ముఖం మీది ఎండ

అక్క 40 ఏళ్లుగా అమలాపురం దగ్గర పొలం గట్ల మీద తిరిగిన మనిషి. మొన్న అరుగు మీద పక్కన కూర్చున్నప్పుడు గమనించాను: చెంపల మీద కందిగింజలంత గోధుమరంగు మచ్చలు, కళ్ల చివర ముడతలు ఉన్నా, రవిక చేతి కింద దాగిన చర్మం మాత్రం ఇప్పటికీ నున్నగానే ఉంది. ఆ తేడా ఎండ తెచ్చినదే. అతినీలలోహిత కిరణాలు చర్మాన్ని లోపలి నుంచి బిగువుగా ఉంచే ప్రొటీన్ అయిన కొల్లాజెన్‌ను దెబ్బతీస్తాయి.

అందుకే నా దృష్టిలో మొదటి చికిత్స సన్‌స్క్రీనే: ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి కాపాడే స్థాయి) 30 లేదా అంతకు మించినది, ఆరుబయట ఉన్నంతసేపూ 2 గంటలకొకసారి రాసుకోవాలి. తర్వాతిది వైద్యుల సలహాపై రాత్రిపూట బఠాణీ గింజంత రాసుకునే ట్రెటినాయిన్ అనే పూతమందు. అది కొత్త కొల్లాజెన్‌ను పుట్టిస్తుంది గానీ, ఫలితానికి నెలలు పడుతుంది, మొదట్లో చర్మం ఎర్రబడి పొట్టు లేస్తుంది, గర్భిణులు వాడకూడదు. ముడతలు తగ్గించే బొటాక్స్ ఇంజెక్షన్ ప్రభావం సాధారణంగా 3, 4 నెలలే.

నా బాధంతా పీల్స్ (రసాయనంతో చర్మం పైపొరను ఊడదీసే చికిత్స), లేజర్ల గురించే. కూతురి పెళ్లికని అక్క ఒక పార్లర్‌లో పీల్ చేయించుకుని, మర్నాడే కొబ్బరితోటకు వెళ్లింది; వారం తిరగకముందే చెంపలు కమిలి నల్లబడ్డాయి, ఆ నలుపు పోవడానికి ఏడాది పట్టింది. మన చామనచాయ చర్మం చిన్న మంటకు కూడా నల్లమచ్చతో స్పందిస్తుంది కనుక, ఇలాంటి చికిత్సలను చర్మవైద్యుల చేతే, తక్కువ గాఢతతో మొదలుపెట్టి చేయించుకోవాలి.